రామకోటికి రోజూ 7 నిమిషాలు: వేళా చోటూ కుదుర్చుకోవడం ఎలా?



లిఖిత జపం గురించి వీడియో చేసిన దగ్గర్నుంచి మీలో చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, రామకోటి రాయాలని ఉంది, పుస్తకం కూడా కొన్నా, కానీ టైమ్ కుదరట్లేదు." కొందరైతే "మా పీజీలో ముగ్గురం ఉంటాం, కూర్చోడానికి చోటే లేదు" అంటున్నారు. వీడియోలో దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ముందుకెళ్లిపోయాను. అది సరిపోదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ ఇబ్బంది నాదీ. కాబట్టి ఈసారి తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు నా సంగతి చెప్తాను, ఆ తర్వాత పాఠం.

నాయనమ్మ పన్నెండో పుస్తకం

మా నాయనమ్మ ఖమ్మం దగ్గర పల్లెటూళ్లో ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యి, గిన్నెలు కడిగి బోర్లించాక, వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేది. బియ్యం డబ్బానే ఆవిడ బల్ల. దాని మీద రామకోటి పుస్తకం, చేతిలో నీలం మూత ఉన్న రెనాల్డ్స్ పెన్ను. రోజుకు అరపేజీ. అది అయ్యేవరకు ఎవరు పిలిచినా "ఊ" అనేదే తప్ప లేచేది కాదు. అయిపోగానే పుస్తకం కళ్లకద్దుకుని, డబ్బా పక్కనే పెట్టేసి, టీ పెట్టడానికి లేచేది.

మూడేళ్ల కింద ఆవిడ వెళ్లిపోయింది. పెట్టె తెరిస్తే 11 నిండు పుస్తకాలు, సగం దాటిన పన్నెండోది కనిపించాయి. అన్నీ భద్రాచలంలో సమర్పించాలని ఆవిడ కోరిక. నాన్న ఉన్నవి ఉన్నట్టుగా తీసుకెళ్దామన్నారు. నేనే అడ్డుపడ్డాను. "ఆగండి నాన్నా, మిగిలింది నేను పూర్తి చేస్తా, నిండుగా ఇద్దాం" అని గొప్పగా చెప్పి, ఆ పుస్తకం హైదరాబాద్ తెచ్చుకున్నాను.

మొదటిరోజు ఉత్సాహంగా 5 పేజీలు రాశా. రెండోరోజు 3. మూడోరోజు ఆఫీసులో రిలీజ్. తర్వాత వారం "ఆదివారం కూర్చుని మొత్తం లాగించేద్దాం" అనుకున్నా. ఆ ఆదివారం రాలేదు. పుస్తకం సూట్‌కేసులోకి, సూట్‌కేసు అల్మరా పైకి చేరాయి. ప్రతి శ్రీరామనవమికీ నాన్న ఫోన్‌లో అడిగేవారు, "ఎంతవరకు వచ్చిందిరా?" అని. "అవుతోంది నాన్నా" అనేవాణ్ణి. మూడు నవములు అదే అబద్ధం. ఈమధ్య ఆయనకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. "గుడి మెట్లు ఎక్కగలిగినప్పుడే వెళ్దాం రా" అన్నారు మొన్న దసరాకు. కోపంగా అనలేదు. అందుకే తగిలింది.

ముందు లెక్క చూద్దాం

ఆ రాత్రి సూట్‌కేసు దించి, మొదటిసారి లెక్కపెట్టాను. మిగిలినవి 43 పేజీలు. పేజీకి అడ్డంగా 12, నిలువుగా 18, మొత్తం 216 గళ్లు. అంటే నాయనమ్మ రాసే అరపేజీకి సరిగ్గా 108 నామాలు. ఆవిడ లెక్క నాకు అప్పుడు అర్థమైంది! రోజుకు అరపేజీ చొప్పున 43 పేజీలకు 86 రోజులు. మూడు నెలలు కూడా కాదు. నేను దాన్ని మూడేళ్లు మోశాను.

ఫోన్‌లో టైమర్ పెట్టి చూశా. "శ్రీరామ" అని ఒకసారి నిదానంగా రాయడానికి నాకు దాదాపు 4 సెకన్లు పడుతోంది. 108 సార్లకు 7 నిమిషాల పైచిలుకు. మనం రీల్స్ చూస్తూ ఒక్క కూర్చోవడంలో పోగొట్టే టైమ్ కన్నా తక్కువ.

ఇప్పుడు పెద్ద లెక్క. కోటి అంటే ఎంతో తెలుసా? రోజుకు వెయ్యి రాస్తే 10,000 రోజులు, అంటే 27 ఏళ్ల పైన. రోజుకు 108 అయితే సుమారు 253 ఏళ్లు! కాబట్టి "కోటి రాసేస్తా" అని మొదలుపెట్టిన చాలామంది ఎందుకు ఆగిపోతారో ఇక్కడే తెలిసిపోతుంది. లక్ష అనుకుంటే మాత్రం మనిషి కొలతలోకి వస్తుంది. రోజుకు 108 చొప్పున రెండున్నరేళ్లు. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు 274, అంటే సుమారు 18 నిమిషాలు.

నాయనమ్మ 200 పేజీల పుస్తకాలు 11 నింపింది, పన్నెండోది సగం దాటేదాకా రాసింది. అన్నీ కలిపితే 5 లక్షల పైచిలుకు. కోటిలో ఇరవయ్యో వంతు. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "కోటి ఎప్పటికవుద్ది నాయనమ్మా?" అని. "లెక్క ఆయన చూసుకుంటాడులేరా, నా పని రాయడమే" అంది. అప్పుడు అది జవాబు తప్పించుకోవడం అనుకున్నా. కాదు. కోటి పూర్తవదని ఆవిడకు తెలుసు. తెలిసే రోజూ కూర్చుంది.

సంకల్పంలోనే సూత్రం ఉంది

మన ఇంట్లో ఏ పూజ మొదలైనా పంతులుగారు ముందు సంకల్పం చెప్పిస్తారు కదా. అందులో ఏముంటుంది? మన గోత్రం, పేరు కన్నా ముందే కాలం, దేశం వస్తాయి. ఏ కల్పం, ఏ మన్వంతరం, ఏ యుగం. ఏ ఖండం, మేరువుకు ఏ వైపు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల మధ్య, ఆఖరికి ఏ ఇంట్లో అనేదాకా. ఆ తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఇవన్నీ అయ్యాకే "నేను ఫలానా పని చేస్తున్నాను" అంటాం.

చిన్నప్పుడు ఈ భాగం ఎప్పుడైపోతుందా అని చూసేవాణ్ణి. ఇప్పుడు నాకు అందులో చాలా ప్రాక్టికల్ విషయం కనిపిస్తోంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది తేలకుండా మనవాళ్లు ఏ పనీ మొదలుపెట్టించలేదు. "రామకోటి రాయాలి" అన్నది కోరిక. "రోజూ పొద్దున కాఫీ తాగాక, మంచం పక్కన చాప మీద, అరపేజీ రాస్తాను" అన్నది సంకల్పం. నా మూడేళ్లూ కోరిక దగ్గరే ఆగిపోయాయి.

వేళ: గడియారానికి కాదు, ఒక పనికి ముడివేయండి

నేను మొదట చేసిన తప్పు, బ్రహ్మముహూర్తం అని 4:30కి అలారం పెట్టడం. రాత్రి 1కి పడుకునేవాడికి 4:30 ఏం కుదురుతుంది? రెండు రోజులు లేచి, మూడోరోజు అలారం ఆపి పడుకున్నా. ఆ వేళ మంచిదే, సందేహం లేదు. కానీ దానికి తగ్గట్టు రాత్రి 9:30కి పడుకునే జీవితం ముందు ఉండాలి. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదంటాడు. నిద్ర చంపుకుని చేసే సాధన ఎక్కువ రోజులు నిలవదని ఆయనే చెప్పాక మనం మొండికేయడం దేనికి?

నాయనమ్మ ఇంట్లో గోడ గడియారం సగం రోజులు ఆగిపోయి ఉండేది. ఆవిడ వేళ గిన్నెలు బోర్లించాక. గిన్నెలు రోజూ ఉంటాయి కాబట్టి రామకోటీ రోజూ ఉండేది. మీ రోజులో అలా తప్పనిసరిగా జరిగే పని ఏది? స్నానం, పొద్దుటి కాఫీ, ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పడం. దాని తోకకు రామకోటిని కట్టండి. నైట్ షిఫ్ట్ వాళ్లకు ఇది ఇంకా బాగా పనికొస్తుంది, ఎందుకంటే షిఫ్ట్ మారితే గడియారం మారుతుంది గానీ స్నానం మారదు.

నాది పొద్దున కాఫీ. గ్లాసు కడిగి పెట్టగానే కూర్చుంటా. ఫోన్ అప్పటికి ముట్టుకోను. ఒక్కసారి వాట్సాప్ తెరిస్తే ఆ 7 నిమిషాలు 40 అవుతాయి, అందులో రాముడు ఉండడు.

అన్నమయ్యను తలచుకోండి. 1408లో పుట్టి 1503లో పరమపదించిన ఆ మహానుభావుడు 32 వేల సంకీర్తనలు చేశారని సంప్రదాయం చెబుతుంది. పదహారో ఏట మొదలుపెట్టారంటారు. దాదాపు 80 ఏళ్లకు భాగిస్తే రోజుకు ఒకటికి కాస్త ఎక్కువ. వినగానే కళ్లు తిరిగే అంకె వెనక ఉన్నది రోజుకొక్క పాట. ఆయన ప్రతిభ మనకు రాదు, నిజమే. ఆ "రోజుకొక్కటి" మాత్రం ఎవరికైనా అందుతుంది.

చోటు: పూజగదే అక్కర్లేదు

గీత అదే అధ్యాయంలో ఆసనం గురించి కూడా చెబుతుంది. శుభ్రమైన చోటు, మరీ ఎత్తూ కాని మరీ పల్లమూ కాని, కదలని ఆసనం. అంతే. చదరపు అడుగుల ప్రస్తావన ఎక్కడా లేదు!

మా పీజీ గదిలో మూడు మంచాలు, రెండు అల్మరాలు. నాకు దొరికింది మంచానికీ గోడకీ మధ్య రెండడుగుల సందు. అక్కడ మడతపెట్టిన చాప, దాని మీద నాన్న పాత కండువా. సూట్‌కేసే బల్ల. అవును, మూడేళ్లు పుస్తకాన్ని దాచిన సూట్‌కేసే. రూమ్మేట్లకు ముందే చెప్పాను, "పొద్దున పది నిమిషాలు నన్ను కదిలించకండి రా" అని. ఒకడు నవ్వాడు. ఇప్పుడు నేను కూర్చుంటే వాడే ఫోన్ సౌండ్ తగ్గిస్తున్నాడు.

ఒక చిన్న పరీక్ష చేసుకోండి. పుస్తకం, పెన్ను చేతిలోకి రావడానికి మీరు ఎన్ని పనులు చేయాలి? నాకైతే కుర్చీ ఎక్కాలి, సూట్‌కేసు దించాలి, స్వెటర్లు తీయాలి, పెన్ను వెతకాలి. నాలుగు పనులు. రోజూ ఎవరు చేస్తారు? ఇప్పుడు పుస్తకం, పెన్ను, కండువా ఒకే గుడ్డసంచిలో, తల దగ్గర మేకుకు వేలాడుతున్నాయి. నాయనమ్మ పుస్తకం బియ్యం డబ్బా పక్కనే ఎందుకు ఉండేదో ఇప్పుడు తెలిసింది.

చోటు గురించి మరీ బెంగగా ఉంటే ఒకసారి గోల్కొండ కోటకు వెళ్లండి. రామదాసు బందీఖానా అక్కడే ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా కాలంలో బంధించిన చోటుగా దాన్ని చూపిస్తారు. ఆ రాతిగోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడి రూపాలు ఉన్నాయి, రామదాసే చెక్కుకున్నాడని చెబుతారు. ఆ చీకటి గదిలో నిలబడి వచ్చాక, "నాకు చోటు లేదు" అనడానికి నాకైతే నోరు రాలేదు.

రాయలేకపోయిన రోజు ఏం చేయాలి?

అసలు పాఠం ఇదే అనుకుంటా. ఎందుకంటే మనం ఆగిపోయేది మొదటిరోజు కాదు, ఒకరోజు తప్పిన మర్నాడు.

నాయనమ్మకు ప్రతి రోజు రాత మొదట్లో తేదీ వేసే అలవాటు. ఆ పుస్తకాలు వరసగా తిరగేశాను. కొన్ని తేదీల దగ్గర అరపేజీ లేదు. ఒక్క వరస, 12 నామాలు. ఒకచోట ఒకే ఒక్క నామం, అక్షరాలు వంకరగా. ఆ వారం ఆవిడకు జ్వరమని నాన్న గుర్తుచేసుకున్నారు. ఏడో పుస్తకంలో 11 రోజులు అసలు తేదీలే లేవు. అది తాతయ్య పోయినప్పుడు. మైలలో పుస్తకం ముట్టుకోకపోవడం మా ఇంటి పద్ధతి. పన్నెండో రోజు తేదీ వేసి, మళ్లీ మామూలుగా 108. తప్పిన 11 రోజులవి కలిపి రాయలేదు. బాకీ పెట్టుకోలేదు.

నేను చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒకరోజు తప్పితే మర్నాటికి 216, ఇంకోరోజు తప్పితే 324. నాలుగోరోజుకు అది జపం కాదు, ఈఎమ్‌ఐ. ఇక పుస్తకం వైపు చూడాలంటేనే భయం.

పతంజలి యోగసూత్రాల్లో అభ్యాసం గట్టిపడడానికి మూడు కావాలంటాడు: దీర్ఘకాలం చేయడం, ఎడతెగకుండా చేయడం, ఆదరంతో చేయడం. మనం మొదటి రెండూ పట్టుకుని మూడోది వదిలేస్తాం. తప్పిన రోజుకు మనల్ని మనం తిట్టుకుంటూ, విసుక్కుంటూ 324 గీకేస్తే అందులో ఆదరం ఏముంది? నాకు అర్థమైనంతవరకు ఎడతెగకపోవడం అంటే ఒక్కరోజూ తప్పకపోవడం మాత్రమే కాదు, తప్పినా తిరిగి అదే చోటికి వచ్చి కూర్చోవడం కూడా.

కాబట్టి నేను పెట్టుకున్న నియమాలు రెండే. కుదరని రోజు ఒక్క నామం రాసినా చాలు. అదీ తప్పితే మర్నాడు మామూలు 108 మాత్రమే, బాకీ లేదు.

రాస్తుంటే మనసు ఎక్కడికో పోతోంది

పోతుంది. నాదీ పోతుంది. 40వ గడి దగ్గర స్టాండప్ మీటింగ్ గుర్తొస్తుంది, 70 దగ్గర టిఫిన్. మనసు చంచలం, గాలిని పట్టుకున్నట్టే దాన్ని పట్టుకోవడం కష్టం అని అర్జునుడంతటివాడే మొరపెట్టుకున్నాడు. కృష్ణుడు "కాదు, తేలికే" అనలేదు. కష్టమే అని ఒప్పుకుని, అభ్యాసంతో, వైరాగ్యంతో కుదురుతుందన్నాడు.

రాతలో ఒక మేలుంది. నోటితో చేసే జపంలో మనసు పారిపోయినా మనకు తెలియదు, నాలుక తన పాటికి తాను తిరుగుతుంది. రాతలో అయితే కాగితం చెప్పేస్తుంది. మనసు పోయినచోట నా "శ్రీ" వంకరపోతుంది. ఒకసారి "రామ" బదులు మా మేనేజర్ పేరు సగం రాశా! అలాంటప్పుడు కొట్టేసి, పక్క గడిలో సరిగ్గా రాసి ముందుకెళ్తున్నా. చెయ్యి, కన్ను, లోపల పలుకుతున్న నామం మూడూ ఒకే గడిలో ఉన్న క్షణాలు రోజుకు పదో పదిహేనో ఉంటాయి. 108లో అవి తక్కువే. కానీ మొదటివారం అవీ లేవు. రిషీకేశ్‌లో స్వామి శివానంద కూడా ఈ లిఖిత జపాన్ని నిత్యసాధనగా చెప్పారు.

మీరు ఎక్కువగా అడిగే సందేహాలు

ఫోన్‌లో టైప్ చేయొచ్చా? ప్రయాణంలో ఏమీ లేనప్పుడు అలా చేసినా నామస్మరణే. కానీ కాపీ పేస్ట్ చేస్తే 10 సెకన్లలో లక్ష అయిపోతుంది, మీలో ఏం మారుతుంది? చేత్తో రాసే 7 నిమిషాలు మనకోసమే. వీలైనంతవరకు కాగితమే మంచిది.

ఏ ఇంకు? ఎరుపు వాడేవాళ్లున్నారు, ఆకుపచ్చ వాడేవాళ్లున్నారు. మా నాయనమ్మ నీలంతోనే 5 లక్షలు రాసింది. మీ ఇంటి ఆచారం ఏదుంటే అది.

ఇష్టదైవం వేరైతే? శివనామం, గోవిందనామం, అమ్మవారి నామం, ఏదైనా రాసుకోవచ్చు. పుస్తకం మధ్యలో మాత్రం మార్చకండి.

నెలసరి రోజుల్లో? నామానికి ఏ నియమమూ అడ్డు కాదనే పెద్దలున్నారు, ఆ రోజుల్లో పుస్తకం ముట్టుకోని ఇళ్లూ ఉన్నాయి. మీ ఇంటి పద్ధతి, మీ మనసు చూసుకోండి. రాయకపోయినా మనసులో తలచుకోవడాన్ని ఎవరూ ఆపరు.

వేరొకరి పుస్తకం మనం పూర్తి చేయొచ్చా? నేను చేస్తున్నది అదే. మొదలుపెట్టే ముందు నాయనమ్మ పేరు తలచుకుని, ఆవిడ వదిలిన గడి నుంచే రాశా.

ఈ వారం మీ అభ్యాసం

పెద్దగా ఏమీ వద్దు. ఈ రాత్రే మూడు పనులు చేయండి. ఒకటి, మీ పుస్తకంలో పేజీకి ఎన్ని గళ్లున్నాయో లెక్కపెట్టి, రోజుకు 10 నిమిషాలు దాటని కొలత పెట్టుకోండి. రెండు, పుస్తకం మొదటి పేజీ లోపల ఒక వాక్యం రాయండి: ఏ పని అయ్యాక, ఎక్కడ కూర్చుని, ఎన్ని. మూడు, పుస్తకం, పెన్ను ఆ చోటుకు చేరేలా పెట్టి పడుకోండి. పొద్దున పసుపు, కుంకుమ పెట్టి మొదలుపెట్టండి. 7 రోజులు చేశాక వేళ నచ్చకపోతే మార్చుకోండి, కొలత మాత్రం పెంచకండి. ఉత్సాహం ఎక్కువైన రోజే నేను 5 పేజీలు రాసి పడిపోయాను.

నా సంగతి: మొదలుపెట్టి ఇవాళ్టికి 81 రోజులు. 34 పేజీలు అయ్యాయి, అంటే 68 రోజుల రాత. 13 రోజులు తప్పాను. అందులో రెండు ఉత్త బద్ధకం. ఇంకా 9 పేజీలున్నాయి, తప్పకపోతే 18 రోజులు.

నిన్న నాన్న ఫోన్ చేసి, మామూలుగానే అడిగారు, "ఎంతవరకు వచ్చిందిరా?" అని. ఈసారి "9 పేజీలు నాన్నా" అని చెప్పగలిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే వచ్చే నెలాఖరుకి బస్సు టికెట్లు చూడు. పుస్తకాలు బరువుంటాయి, రెండు సంచులు తీసుకురా" అన్నారు.

రేపు పొద్దున కాఫీ అయ్యాక మళ్లీ కూర్చుంటా. మీరూ కూర్చోండి.

శుభం. జై శ్రీరామ్.